వెతోన్ లెక్క, నికా షరతు

వధూవరులు పుట్టిన రోజులకు విలువలు కట్టి, వాటిని కూడి, వచ్చిన మొత్తాన్ని బట్టి కాపురం ఎలా సాగుతుందో చెప్పే జావా పద్ధతి వెతోన్ లెక్క. ఇండోనేషియాలోని జావా ద్వీపంలో అత్యధికులు ముస్లింలు. వాళ్ల పెళ్లిలో నికా (పెళ్లి ఒప్పందం), మెహర్ (వరుడు వధువుకు ఇచ్చే కానుక), సాక్షులు అన్నీ షరియత్ ప్రకారమే ఉంటాయి. అయినా పెళ్లి మాటలు మొదలవగానే లెక్క తెలిసిన ఊరి పెద్దను కలిసి వెతోన్ చూపించుకునే కుటుంబాలు ఇప్పటికీ చాలా ఉన్నాయి. లెక్క కుదరలేదంటే ఇరువైపులా నచ్చిన సంబంధాన్ని కూడా వదులుకునేవాళ్లు ఉన్నారు. రేపు ఏం జరుగుతుందో అల్లాకు తప్ప ఎవరికీ తెలియదని బోధించే మతంలో ఈ లెక్కకు చోటుందా అన్న ప్రశ్న జావా ఉలమాల (మత పండితుల) మధ్య తరతరాలుగా నలుగుతోంది.

భారతదేశానికీ ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇండోనేషియా దీవులకు ఫిఖ్ అనే ఇస్లామిక్ ధర్మశాస్త్రాన్ని మలయ్ భాషలో అందించిన తొలి పండితుల్లో ఒకడు ఇప్పటి సూరత్ నగరంలో భాగమైన రాందేర్ వాడు. పెళ్లికి ముందు జాతకం చూసే ముస్లిం కుటుంబాల ఆచారాన్ని పుస్తకానికెక్కించిన వాడు ఏలూరు వాడు. జావా లెక్కనూ షరియత్ తీర్పునూ పక్కపక్కన పెట్టి చూస్తే, జాతకాల పొంతన తెలిసిన తెలుగు పాఠకుడికి రెండూ సులువుగానే అర్థమవుతాయి.

ఏడు రోజులు, అయిదు సంతలు

జావా పంచాంగంలో రెండు వారాలు ఏకకాలంలో నడుస్తాయి. ఒకటి అందరికీ తెలిసిన ఏడు రోజుల వారం. రెండోది పసరన్ అనే అయిదు రోజుల వారం. పల్లెల్లో సంతలు వంతులవారీగా జరిగే క్రమం నుంచి వచ్చింది ఇది. లెగి, పహింగ్, పోన్, వగే, క్లివోన్ అన్నవి ఆ అయిదు రోజుల పేర్లు. పసర్ అంటే సంత. జావాలోని సోలో నగరంలో పసర్ లెగి, పసర్ క్లివోన్ అనే పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

రెండు వారాలూ కలిసి నడిచినప్పుడు ఒకే జంట మళ్లీ 35 రోజులకు గాని రాదు. మనిషి పుట్టిన రోజుకు తగిలిన ఆ జంటే అతని వెతోన్. మంగళవారం లెగి, సోమవారం క్లివోన్, శనివారం పహింగ్ అని చెప్పుకుంటారు. జావా లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. అందువల్ల మంగళవారం రాత్రి పుట్టిన బిడ్డకు బుధవారపు వెతోన్ వస్తుంది.

ప్రతి రోజుకూ నెప్తు అనే విలువ ఉంటుంది. ఆదివారానికి 5, సోమవారానికి 4, మంగళవారానికి 3, బుధవారానికి 7, గురువారానికి 8, శుక్రవారానికి 6, శనివారానికి 9. పసరన్‌లో లెగికి 5, పహింగ్‌కు 9, పోన్‌కు 7, వగేకు 4, క్లివోన్‌కు 8. రెండూ కూడితే వ్యక్తి నెప్తు వస్తుంది. అన్నిటికన్నా తక్కువ మంగళవారం వగే, 7. అన్నిటికన్నా ఎక్కువ శనివారం పహింగ్, 18. వరుడి నెప్తుకు వధువు నెప్తు కలిపితే మొత్తం 14కూ 36కూ మధ్య ఎక్కడో తేలుతుంది.

మన పొంతనలకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. తెలుగునాట పొంతన చూసేవారికి జన్మనక్షత్రం, పాదం, రాశి కావాలి. వర్ణం నుంచి నాడి దాకా ఎనిమిది కూటములకు కలిపి 36 గుణాలు, అందులో 18 వస్తే సంబంధం ఖాయం చేసుకోవచ్చని లెక్క. వెతోన్‌లో చంద్రుడి నడకతో గాని గ్రహాల స్థితితో గాని పనిలేదు. పుట్టిన రోజు తెలిస్తే చాలు, వేళ్ల మీద కూడి చెప్పేయవచ్చు. జ్యోతిషం చదవని రైతు కూడా చెప్పుకోగలగడం వల్లే అది ఇంటింటికీ చేరింది.

ఒకే జంటకు రెండు జోస్యాలు

మొత్తం తేలాక ఫలితం చూడాలి. ఈనాడు బాగా ప్రచారంలో ఉన్న పట్టికలో ఎనిమిది ఫలితాలు ఉన్నాయి. పెగత్ అంటే ఎడబాటు. రతు అంటే నలుగురిలో గౌరవం. జొదొ అంటే చక్కని జోడీ. తొపొ అంటే మొదట కష్టాలు, తరువాత సుఖం. తినారి అంటే సులువైన సంపాదన. పదు అంటే కలహాలు. సుజనన్ అంటే అనుమానాలు, అక్రమ సంబంధాలు. పెస్తి అంటే ప్రశాంతమైన కాపురం. మొత్తాన్ని 9తో భాగించి, శేషాన్ని బట్టి ఈ వరుసలో ఫలితం చెబుతారు. శేషం 1 వచ్చినా, ఏమీ మిగలకపోయినా పెగతే.

ఇంకో పద్ధతిలో 5తో భాగిస్తారు. శేషాన్ని బట్టి శ్రీ, లుంగుహ్, గెడొంగ్, లర, పతి అనే ఫలితాలు వస్తాయి. శ్రీ అంటే సమృద్ధి, లుంగుహ్ అంటే హోదా, గెడొంగ్ అంటే ధనం, లర అంటే జబ్బు, పతి అంటే చావు.

వరుడిది మంగళవారం లెగి అనుకుంటే అతని నెప్తు 8. వధువుది సోమవారం క్లివోన్ అయితే ఆమె నెప్తు 12. మొత్తం 20. మొదటి పట్టిక ప్రకారం శేషం 2, ఫలితం రతు. ఆ జంట నలుగురి మెప్పూ పొందుతుంది. రెండో పద్ధతిలో శేషం ఏమీ మిగలదు, ఫలితం పతి. ఇంట్లో చావు తప్పదు. మొత్తం 27 వచ్చిన జంటకు ఇది తిరగబడుతుంది. మొదటి పట్టిక ఎడబాటు అంటే, రెండోది హోదా అంటుంది. ఏ ఊళ్లో ఏ పద్ధతి చెల్లుతుంది, ఏ పెద్దమనిషి దేన్ని నమ్ముతాడు అన్నదాని మీద సంబంధం నిలవడమో తప్పడమో ఆధారపడుతుంది.

ఈ లెక్కలన్నీ ప్రింబోన్ అనే సంకలనాల్లో ఉంటాయి. ఒకప్పుడు చేతిరాత ప్రతులుగా తిరిగాయి, తరువాత అచ్చులోకి వచ్చాయి. యోగ్యకర్త రాచకుటుంబీకుడు చక్రనింగ్రత్ పేరుతో చెలామణి అయ్యే బెతల్‌జెముర్ అదమ్మక్న వాటిలో బాగా ప్రసిద్ధం. పెళ్లికే కాదు, ఇల్లు కట్టడానికి, ప్రయాణానికి, పంట వేయడానికి, పోయిన వస్తువు వెతకడానికి కూడా వాటిలో లెక్కలున్నాయి. ఈ లెక్కల శాస్త్రం మొత్తాన్ని పెతుంగన్ అంటారు. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1950ల్లో తూర్పు జావాలోని ఒక చిన్న పట్టణంలో పరిశోధన చేసి, 1960లో వెలువరించిన జావా మతం గురించిన గ్రంథంలో పెతుంగన్‌ను వివరంగా పరిచయం చేశాడు.

నెప్తు కుదిరినంత మాత్రాన గండాలన్నీ గట్టెక్కినట్టు కాదు. వగే నాడు పుట్టినవాళ్లకూ పహింగ్ నాడు పుట్టినవాళ్లకూ పెళ్లి కూడదని కొన్ని ప్రాంతాల్లో పట్టింపు ఉంది. మొదటి సంతానానికి మూడో సంతానంతో పెళ్లి చేస్తే కీడు అని మరో నమ్మకం, దాన్ని జిలు అంటారు. వధూవరుల్లో ఒకరి ఇంటికి రెండోవారి ఇల్లు వాయవ్య దిశలో పడకూడదనే నియమమూ ఉంది. జావా నెలల్లో మొదటిదైన సురో, అంటే ముహర్రం, పెళ్లిళ్లకు పనికిరాదు. హజ్ జరిగే నెల అయిన బెసర్ పెళ్లిళ్ల నెల. మనకు ఆషాఢం, మూఢం ఎలాగో వాళ్లకు సురో అలాగ.

లెక్క తప్పితే విరుగుడూ ఉంది. పెళ్లి రోజు నెప్తును కూడా కలిపి మొత్తం మంచి అంకె అయ్యేలా ముహూర్తం మార్చుకోవచ్చు. సెలామతన్ అనే విందు ఏర్పాటు చేసి, ఇరుగుపొరుగును పిలిచి దువా (ప్రార్థన) చేయించవచ్చు. చాలా సంబంధాలు చివరికి ఇలాగే గట్టెక్కుతాయి.

మాతరం పంచాంగం, రాందేర్ పండితుడు

పదిహేడో శతాబ్దంలో జావాను ఏలిన మాతరం రాజ్యాధిపతి సుల్తాన్ అగుంగ్ 1633లో పంచాంగాన్ని మార్చాడు. అప్పటిదాకా నడిచిన శక సంవత్సరపు అంకె 1555ను అలాగే ఉంచి, నెలలను మాత్రం హిజ్రీ పద్ధతిలో చాంద్రమాసాలుగా మార్చాడు. అయిదు రోజుల సంత వారం చెక్కుచెదరలేదు. వారాల పేర్లు అరబ్బీ నుంచి వచ్చినవి, సంవత్సరపు అంకె భారతదేశం నుంచి వచ్చినది, సంత రోజులు జావావి. వెతోన్ లెక్క ఈ పంచాంగం నీడలోనే స్థిరపడింది. అందుకే సగటు జావా ముస్లింకు అది పరమతపు వ్యవహారంగా కనిపించదు. తమ సుల్తాన్ ఇచ్చిన పంచాంగంలోని భాగంగానే కనిపిస్తుంది.

ఆ మరుసటి ఏడు, 1634లో, నూరుద్దీన్ అర్-రానీరీ అనే పండితుడు సిరాతుల్ ముస్తఖీం అనే మలయ్ గ్రంథం మొదలుపెట్టాడు. నమాజు, ఉపవాసం, జకాత్, హజ్ వంటి ఆరాధనల నియమాలను సున్నీ ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన షాఫియీ సంప్రదాయం ప్రకారం మలయ్‌లో విస్తారంగా వివరించిన తొలి గ్రంథంగా దాన్ని లెక్కిస్తారు. రానీరీ అంటే రాందేర్ వాడు. తాపీ నదికి ఒక ఒడ్డున సూరత్, ఎదుటి ఒడ్డున రాందేర్. సూరత్ పెరగకముందే రాందేర్ పేరున్న రేవు. అక్కడి ముస్లిం వర్తకులు మలక్కా, సుమత్రా దాకా సరుకు నడిపేవారు. 1530లో పోర్చుగీసులు దాన్ని దోచి తగలబెట్టాక వ్యాపారం క్రమంగా సూరత్‌కు మళ్లింది. మొగలుల కాలంలో హజ్ యాత్రికులు ఓడ ఎక్కేది సూరత్‌లోనే కాబట్టి దానికి మక్కా ద్వారం అనే పేరు వచ్చింది.

అరేబియాలోని హద్రమౌత్ మూలాలున్న కుటుంబంలో రాందేర్‌లో పుట్టిన నూరుద్దీన్ 1637లో సుమత్రా ఉత్తర కొసన ఉన్న ఆచే రాజ్యానికి చేరి, సుల్తాన్ ఇస్కందర్ థానీ కొలువులో పెద్ద పండితుడయ్యాడు. స్థానిక సూఫీల్లో కొందరి బోధలు మతానికి విరుద్ధమని తీర్పు చెప్పి, వాళ్ల పుస్తకాలను తగలబెట్టించాడు. సిరాతుల్ ముస్తఖీం 1644లో ముగిసింది. ఆ ఏడే ఆయన తిరిగి రాందేర్ చేరాడు, 1658లో కన్నుమూశాడు. బందా ఆచేలోని ప్రభుత్వ ఇస్లామిక్ విశ్వవిద్యాలయానికి ఈనాడు ఆయన పేరే ఉంది.

ఆయన పనిచేసింది ఆచేలో, రాసింది ఆరాధనల గురించి. వెతోన్‌తో ఆయనకు నేరుగా సంబంధం లేదు. అయితే ఆ ఒకటి రెండేళ్లలోనే ఇండోనేషియా ఇస్లాంలోని రెండు ధోరణులు స్పష్టంగా కనిపిస్తాయి. పాతదాన్ని కొత్తదానిలో కలుపుకుపోయేది మాతరం ధోరణి. గ్రంథం ఏం చెప్పిందో చూసి ఆచారాన్ని తూచేది రానీరీ ధోరణి. గుజరాత్‌తో జావాకు అంతకుముందే సంబంధాలున్నాయి. జావాలో ఇస్లాంను ప్రచారం చేసినవారిలో ఒకడిగా గౌరవించే మాలిక్ ఇబ్రహీం 1419లో గ్రెసిక్‌లో చనిపోయాడు. ఆయన సమాధి రాయి గుజరాత్‌లోని ఖంభాత్ శిల్పుల పనితనానికి చెందినదని పరిశోధకులు గుర్తించారు.

షరియత్ అడిగే మూడు ప్రశ్నలు

వెతోన్‌ను ఫిఖ్ పండితులు ఒకే ప్రశ్నగా చూడరు. ఈ లెక్క భవిష్యత్తు చెబుతున్నదా? దానివల్ల మనుషులు అపశకునానికి భయపడుతున్నారా? అది కేవలం ఊరి ఆచారమా? మూడింటికీ మూడు వేర్వేరు జవాబులున్నాయి.

మొదటిది గైబ్, అంటే మనిషికి కనిపించని సంగతుల జ్ఞానం. అది అల్లాకే చెందుతుందని ఖురాన్ 27వ సూరా 65వ వాక్యం చెబుతుంది. రేపు తానేం సంపాదిస్తాడో, ఎక్కడ చనిపోతాడో మనిషికి తెలియదని 31వ సూరా 34వ వాక్యం చెబుతుంది. ఇస్లాంకు ముందు అరబ్బులు బాణాలు తీసి భవిష్యత్తు తెలుసుకునేవారు. 5వ సూరాలో 3, 90 వాక్యాలు దాన్ని నిషేధించాయి. జోస్యుడి దగ్గరికి వెళ్లి అడిగినవాడి నమాజు 40 రాత్రుల పాటు అంగీకారం పొందదనే హదీసు (ప్రవక్త మాటల కథనం) సహీహ్ ముస్లిం అనే సంకలనంలో ఉంది. ఈ ఆధారాలతో చూస్తే, ఈ జంట తప్పక విడిపోతుంది, ఈ ఇంట్లో చావు జరుగుతుంది అని వెతోన్ చూసి తేల్చి చెప్పడం జోస్యమే. దాన్ని నమ్మడం నిషిద్ధం. అంకెకే ఆ శక్తి ఉందని నమ్మితే అది అల్లాకు సాటి కల్పించడం, అంటే షిర్క్.

రెండోది తియరా, అంటే అపశకునం. అపశకునం అనేదేమీ లేదని, సఫర్ నెలకు కీడు అంటగట్టడం సరికాదని చెప్పే హదీసు బుఖారీ, ముస్లిం సంకలనాలు రెండింటిలోనూ ఉంది. మంచి మాట విని ఆశ పెట్టుకోవడం మాత్రం ప్రవక్తకు ఇష్టమని అందులోనే ఉంది. పెళ్లి విషయంలో దీనికి నేరుగా సరిపోయే హదీసు ఒకటుంది. షవ్వాల్ నెలలో పెళ్లి కీడని అరబ్బులు నమ్మేవారు. తన పెళ్లి షవ్వాల్‌లోనే జరిగిందని ప్రవక్త భార్య ఆయిషా గుర్తుచేసినట్టు సహీహ్ ముస్లిం చెబుతుంది. ప్రవక్త కొడుకు ఇబ్రహీం చనిపోయిన రోజు సూర్యగ్రహణం పట్టినప్పుడు, ఎవరి చావు పుట్టుకల వల్లా గ్రహణాలు పట్టవని ప్రవక్త చెప్పాడు. ఫలానా నెల, ఫలానా రోజు పెళ్లికి కీడు అనే నమ్మకానికి ఈ ఆధారాలు చోటివ్వవు. సురో నెల నిషేధమూ, వగే పహింగ్‌ల పట్టింపూ ఇక్కడే వీగిపోతాయి.

మూడోది ఉర్ఫ్, అంటే ఆచారం. ఆచారాన్ని ఫిఖ్ గౌరవిస్తుంది. ఆచారం నిర్ణాయకం అన్నది ఫిఖ్‌లోని అయిదు మూలసూత్రాల్లో ఒకటి. అయితే గ్రంథానికి విరుద్ధం కానిదే మంచి ఆచారం, విరుద్ధమైనది చెడు ఆచారం. వెతోన్‌ను సమర్థించేవాళ్ల వాదన ఇక్కడ మొదలవుతుంది. ఇది జోస్యం కాదు, ఇల్ము తితెన్ అని వాళ్లంటారు. తరతరాల పెద్దలు ఏ జంటలు ఎలా బతికాయో గమనించి, గుర్తుపెట్టుకుని చెప్పిన అనుభవసారం అని వాళ్ల భావం. వ్యతిరేకించేవాళ్లు దానికి రెండు జవాబులిస్తారు. గమనించడం నిజమైతే రెండు పద్ధతులు ఒకే జంటకు ఎదురు ఫలితాలు ఎందుకిస్తాయన్నది ఒకటి. అనుభవమని మొదలైనది చివరికి భయంగా మారి హలాల్ అయిన పెళ్లిని ఆపుతున్నప్పుడు, ఆ దారినే మూసేయాలన్నది రెండోది. చెడుకు దారి తీసే మార్గాన్ని ముందే మూసే ఈ సూత్రాన్ని సద్దుజ్జరీఆ అంటారు.

ఉలమాల్లో రెండు వైఖరులు

ముహమ్మదియా సంస్థను 1912లో యోగ్యకర్తలో అహ్మద్ దహ్లాన్ స్థాపించాడు. మూఢనమ్మకాలనూ, మతంలోకి చొచ్చుకొచ్చిన కొత్త పోకడలనూ తొలగించడం దాని ప్రధాన లక్ష్యాల్లో ఒకటి. ఆ వర్గం పండితులు వెతోన్ లెక్కను పూర్తిగా మానేయమంటారు.

1926లో సురబాయాలో ఏర్పడిన నహ్దతుల్ ఉలమా షాఫియీ సంప్రదాయాన్నీ జావా పల్లె జీవితాన్నీ కలుపుకుని నడుస్తుంది. ఆ వర్గం పండితులు తరచుగా ఉదహరించేది యెమెన్‌కు చెందిన ఇబ్న్ జియాద్ ఫత్వాల సంగ్రహమైన గాయతు తల్ఖీసిల్ మురాద్. ఫలానా రాత్రి గాని పగలు గాని పెళ్లికి మంచిదా అని ఎవరైనా అడిగితే జవాబే అక్కర్లేదని, షరియత్ ఆ నమ్మకాన్ని గట్టిగా వారించిందని అందులో మొదట ఉంది. వెంటనే ఇబ్నుల్ ఫిర్కాహ్ ద్వారా ఇమామ్ షాఫియీ నుంచి వచ్చినట్టు చెప్పే ఒక మాట ఉంది. జరిపించేవాడు అల్లా ఒక్కడే, ఫలానా వేళకు ఫలానాది జరగడం ఆయన ఏర్పరచిన అలవాటు మాత్రమే అని నమ్మేవాడికి తప్పు లేదన్నది దాని సారం. గ్రంథాల్లోని మందలింపు నక్షత్రాలకే శక్తి ఉందని నమ్మేవాళ్లకే వర్తిస్తుంది.

ఈ రెండో మాటను పట్టుకుని పెసంత్రెన్‌ల, అంటే మత గురుకులాల, కియాయీల్లో (గురువుల్లో) చాలామంది మధ్యేమార్గం చెబుతారు. పెద్దల మనశ్శాంతి కోసం లెక్క చూసుకోవచ్చు, విందు పెట్టవచ్చు, ముహూర్తం మార్చుకోవచ్చు. అంకె మీద నమ్మకం మాత్రం ఉండకూడదు, దాన్ని బట్టి సంబంధం వదులుకోకూడదు. రెండు వర్గాలకూ తేడా లెక్క చూడవచ్చా కూడదా అన్నదాని దగ్గరే. లెక్కకు శక్తి లేదనడంలో, అది నికాకు షరతు కాదనడంలో ఇద్దరిదీ ఒకే మాట.

జోడీ చూసుకోమని ఇస్లాం చెప్పదా అంటే చెబుతుంది. దాన్ని కఫాఅ అంటారు, అంటే ఈడూజోడూ. స్త్రీని ఆస్తి, వంశం, అందం, ధర్మం చూసి పెళ్లాడతారని, ధర్మమున్న స్త్రీనే ఎంచుకోమని ప్రసిద్ధ హదీసు ఉంది. మరో సున్నీ శాఖ అయిన హనఫీలు వంశం, వృత్తి, ఆర్థిక స్థితి కూడా లెక్కలోకి తీసుకుంటారు. పుట్టిన రోజు ఏ మజ్‌హబ్ (ధర్మశాస్త్ర శాఖ) జాబితాలోనూ లేదు. మనసు ఎటూ తేలనప్పుడు ఇస్తిఖారా చేయమంటుంది షరియత్. రెండు రకాతుల నమాజు చదివి, మంచిదైతే కలపమని, కాదైతే తప్పించమని దువా చేయడం అది. లెక్క ముందే ఫలితం ప్రకటిస్తుంది. ఇస్తిఖారా ఫలితాన్ని అల్లాకు వదిలిపెడుతుంది.

కోర్టు దాకా వచ్చే వెతోన్

ఇండోనేషియాలో ముస్లింల పెళ్లిళ్లకు 1974 నాటి 1వ నంబరు పెళ్లి చట్టమూ, 1991లో అధ్యక్షుడి ఆదేశంతో అమల్లోకి వచ్చిన ఇస్లామిక్ న్యాయ సంకలనమూ ఆధారం. ఆ సంకలనం 14వ అధికరణం నికాకు అయిదు అంగాలు చెబుతుంది. వరుడు, వధువు, వధువు తరఫు వలీ (సంరక్షకుడు), ఇద్దరు సాక్షులు, ఈజాబ్ ఖబూల్ (ప్రతిపాదన, అంగీకారం). వెతోన్ ఇందులో లేదు. మతాలు వేరైతే తప్ప ఈడుజోడు కాదనే కారణంతో పెళ్లిని అడ్డుకోకూడదని 61వ అధికరణం అంటుంది.

అయినా వెతోన్ కోర్టుకు రావడానికి కారణం వలీ. షాఫియీ పద్ధతిలో వలీ లేకుండా నికా చెల్లదు. తండ్రికి లెక్క నచ్చక వలీగా నిలబడనంటే కూతురు పెళ్లి ఆగిపోతుంది. తగిన కారణం లేకుండా నిరాకరించే వలీని అద్‌ల్ వలీ అంటారు. కూతురు మత న్యాయస్థానంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిరాకరణ అన్యాయమని కోర్టు తేల్చితే, 23వ అధికరణం ప్రకారం ప్రభుత్వ వలీ ఆ పెళ్లి జరిపిస్తాడు. జావాలోని మత న్యాయస్థానాల ముందుకు వెతోన్ కుదరలేదన్న కారణంతో తండ్రులు అడ్డుపడ్డ కేసులు వస్తూనే ఉన్నాయి. వరుడు ముస్లిమేనా, నడవడి మంచిదేనా, రక్తసంబంధం వంటి నిషేధం ఉందా అని కోర్టు చూస్తుంది. అవన్నీ సరిగా ఉంటే నెప్తు లెక్క షరియత్ దృష్టిలో కారణంగా నిలబడదు.

దక్కన్‌లో, సూరత్‌లో

ముస్లిం కుటుంబాల్లో ఇలాంటి లెక్కలు జావాకే ప్రత్యేకం కాదు. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ రాసిన ఖానూనె ఇస్లాంను మద్రాసు సైన్యంలో వైద్యుడైన హెర్క్‌లాట్స్ ఇంగ్లీషులోకి అనువదించగా 1832లో లండన్‌లో అచ్చయింది. దక్షిణ భారత ముస్లింల పుట్టుక నుంచి చావు దాకా ఆచారాలను అది వివరిస్తుంది. పెళ్లి సంబంధం వెతకడం, అది కలిసొస్తుందో లేదో జాతకం చూసి తేల్చుకోవడం అందులో ఒక భాగం. సఫర్ నెలలో మొదటి పదమూడు రోజులను తేరా తేజీ అని పిలిచి శుభకార్యాలు ఆపుకోవడం హైదరాబాద్ కుటుంబాల్లో చాలాకాలం సాగింది. సఫర్‌కు కీడు లేదన్న హదీసునే ఉలమాలు దీనికీ జవాబుగా చెబుతారు. ఉత్తర భారతంలో అష్రఫ్ అలీ థానవీ బిహిష్తీ జేవర్ వంటి పుస్తకాలతో పెళ్లిళ్లలోని ఇలాంటి ఆచారాలను ఎండగట్టాడు.

సూరత్ పరిసరాల్లోనూ ఈ సంస్కరణ ధోరణి బలమైనదే. పక్కనున్న దాభేల్ మదరసాకు 1920ల చివరలో దేవ్‌బంద్ పండితుడు అన్వర్ షా కశ్మీరీ వచ్చి బోధించాడు. రాందేర్‌లో ఇమామ్‌గా ఉంటూ ఫత్వాలిచ్చిన ముఫ్తీ సయ్యద్ అబ్దుర్రహీం లాజ్‌పూరీ తీర్పులు ఫతావా రహీమియ్య పేరుతో సంపుటాలుగా వచ్చాయి. సూరత్ సున్నీల్లో ఎక్కువమంది హనఫీలు. హనఫీ పద్ధతిలో యుక్తవయస్కురాలైన స్త్రీ తన నికా తానే చేసుకోవచ్చు, వలీ అనుమతి లేనంత మాత్రాన అది చెల్లకుండా పోదు. ఈడుజోడు కాకపోతే వలీ అభ్యంతరం చెప్పగలడంతే. అందుకే జావాలో వెతోన్ తెచ్చిన చిక్కు ఇక్కడ చట్టపరంగా తలెత్తదు.

భారత చట్టం కూడా ఆచారం కన్నా షరియత్ వైపే మొగ్గింది. 1937 నాటి ముస్లిం పర్సనల్ లా, అంటే షరియత్ వర్తింపు చట్టం, ముస్లింల పెళ్లి విషయంలో షరియత్‌కు విరుద్ధమైన ఆచారం ఉన్నా షరియతే చెల్లుతుందని చెప్పింది. ఈజాబ్, ఖబూల్, సాక్షులు ఉంటే నికా చెల్లుతుంది. మెహర్ భార్య హక్కు. జాతకమో, నెలో, వారమో కలవలేదని పెళ్లి చెల్లదనే వాదనకు చోటు లేదు.

నికా అయ్యాక లెక్క తప్పిందని తెలిస్తే

పెళ్లయ్యాక వెతోన్ కలవలేదని తెలిసి కొన్ని కుటుంబాలు కంగారుపడతాయి. ఫిఖ్‌లో దీనికి సూటి జవాబుంది. అంగాలన్నీ పూర్తయిన నికా చెల్లుబాటైన నికా. వెతోన్ కలవకపోవడం పెళ్లిని రద్దు చేసే దోషాల్లో లేదు. ఇండోనేషియా సంకలనం 116వ అధికరణం విడాకులకు కారణాలు పేర్కొంటుంది. నిత్య కలహాలు అందులో ఉన్నాయి, కలహాలు వస్తాయని చెప్పిన అంకె లేదు. దంపతులు గొడవపడితే కోర్టు చూసేది ఆ గొడవనే, పుట్టిన రోజుల మొత్తాన్ని కాదు.

పెద్దలు లెక్క పట్టుబట్టినప్పుడు తల్లిదండ్రులతో తెగతెంపులు వద్దని, ఓపికగా నచ్చజెప్పమని ఉలమాలు సలహా ఇస్తారు. ముహూర్తం మార్చితే వాళ్ల మనసు కుదుటపడుతుందంటే మార్చుకోవడంలో చిక్కు లేదు. కలహాలు రావని ఆశతో దానం చేయడం, విందు పెట్టడం మంచి పనులే. అంకెకు భయపడి హలాల్ అయిన సంబంధాన్ని ఆపడం, ఆ అంకెను అల్లా తీర్పు స్థానంలో కూర్చోబెట్టడం మాత్రం షరియత్ ఒప్పుకోదు.